గోడలకి బైండింగు

బైండరు గారు ముప్పై నాలుగేళ్ళలో కొన్ని వేల పుస్తకాలు చదివారు. చదివారంటే, ప్రతి పేజీలో మొదటి పంక్తీ చివరి పంక్తీ చదివారు. ఫారాలు, అంటే మడిచిన అచ్చు కాగితాల కట్టలు, వరసలో ఉన్నాయో లేదో తెలియడానికి ఒక పేజీ చివరి మాట, తర్వాతి పేజీ మొదటి మాట కలుస్తున్నాయా లేదా అని చూసుకుంటే చాలు. మధ్యలో ఉన్నదంతా రాసినవాళ్ళ సొంత గొడవ, అందులో తలదూర్చడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. ఈ లెక్కన ఆయనకి వైద్యం తెలుసు, న్యాయశాస్త్రం తెలుసు, తేనెటీగల పెంపకం తెలుసు, అన్నీ అంచుల వరకూ తెలుసు. అడిగినవాళ్ళకి సలహాలు చెప్పేవారు. అడగనివాళ్ళకి ఇంకా ఎక్కువ చెప్పేవారు.

ఆయన ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, డెబ్బై రెండు మెట్లు ఉన్నాయి. ముందుగదిలోనే పని. అట్టలు, రెక్సిను చుట్టలు, జిగురు గిన్నె, మూలన ఇనప ప్రెస్సు. ఆ ప్రెస్సు పక్కన నేల మీద, కాళ్ళు మడుచుకుని, సూదీ దారం పట్టుకుని ఫారాలు కుట్టింది ఆయన భార్య. పెళ్ళయిన మూడో రోజున కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళు అలాగే కూర్చుంది. ఆయన చేసిన ప్రతి పుస్తకం వెన్నులోనూ దారం ఆవిడదే. కుట్టు గట్టిగా ఉందని పదిమందీ మెచ్చుకుంటే ఆయన ఆ మెప్పు తీసుకుని జేబులో వేసుకునేవారు తప్ప ఇంట్లో చెప్పేవారు కాదు.

కూర్చుని కూర్చుని ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు మెట్లెక్కుతుంటే పాత తలుపు తీసినట్టు చప్పుడు చేస్తాయి. బజారుకి వెళ్ళి వచ్చేటప్పుడు ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపుల మీద పేర్లు చదువుతున్నట్టు నటిస్తుంది. ఇరవై ఏళ్ళుగా అవే పేర్లు. డాక్టరు ఫోటోలు తీయించి, వెలుతురుకి పెట్టి చూసి, "అమ్మా, మోకాళ్ళయినా మార్చాలి, ఇల్లయినా మార్చాలి" అన్నాడు.

"మోకాళ్ళు నావే ఉండనీండి డాక్టరు గారూ, ఇల్లే మారుస్తాం" అంది ఆవిడ.

అదృష్టం కలిసొచ్చి ఆ భవనంలోనే అన్నిటికన్నా కింద, నేలమట్టాన ఉన్న ఇంటి పోస్టుమాస్టరు పై అంతస్తుకి మారిపోవాలని తహతహలాడుతున్నాడు. ఆయన రిటైరయి ఆరేళ్ళయింది. ఉద్యోగమంతా చిరునామాలతోనే గడిచింది, తీరా ఇంట్లో కూర్చుంటే భవనంలోకి వచ్చిన ప్రతివాడూ ఆయన కిటికీలోంచి తల పెట్టి ఫలానావాళ్ళు ఏ అంతస్తండీ అని అడుగుతున్నాడు. ఎవరూ ఏమీ అడగని చోట నాలుగు రోజులు బతకాలని ఆయన కోరిక. ఇద్దరూ ఇళ్ళు మార్చుకుందామనుకున్నారు.

"ఒక్క షరతు" అన్నాడు పోస్టుమాస్టరు. "రెండిళ్ళ విలువా సమానమని వాల్యుయేటరు రాసి సంతకం పెట్టాలి. నేను కాగితం మీద ఉన్నదే నమ్మే మనిషిని. ఈ నెలాఖరులోపల అయిపోవాలి. లేకపోతే బట్టల కొట్టాయన గోడౌనుకి అడుగుతున్నాడు, ఆయనకి ఇచ్చేస్తాను."

చిక్కంతా అక్కడే ఉంది. కింది ఇంటికి ఉన్న విలువ నాలుగో అంతస్తుకి రాదు. మూడు వారాల్లో ఆ తేడా పూడాలి. కూలివాళ్ళని పెట్టించి ఇల్లు బాగుచేయించే స్తోమత లేదు. బైండరు గారు మాత్రం కంగారు పడలేదు. సరిగ్గా అప్పుడే ఒక గ్రంథాలయంవాళ్ళు గృహాలంకరణ పత్రిక ఏడాది సంచికలు బైండు చేయమని ఇచ్చి ఉన్నారు. అందులో 'మీ ఇంటి విలువ మీ చేతుల్లోనే' అని పెద్ద వ్యాసం ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని దాన్ని తనదైన పద్ధతిలో శ్రద్ధగా చదివారు.

ఒక పేజీ చివర 'వంటింటి అలమర తలుపులకి కొత్త తొడుగు వేస్తే' అని ఉంది. ఇంకేం కావాలి? రెండు రోజుల్లో అలమర తలుపులన్నిటికీ మెరూన్ రెక్సిను తొడిగి, మూలలకి తోలు వేసి, బంగారు అక్షరాలు అచ్చొత్తారు. 'డబ్బాలు – మొదటి సంపుటము', 'డబ్బాలు – రెండవ సంపుటము', 'గరిటెలు – సంపూర్ణము'. పుస్తకాలన్నీ ఒకే వైపు తెరుచుకుంటాయి కాబట్టి తలుపుల కీళ్ళన్నీ ఎడమ వైపుకే మార్చారు. దాంతో రెండో సంపుటం తెరవాలంటే ముందు మొదటి సంపుటం మూసి తీరాలి.

"ఉప్పు ఎక్కడుందండీ?" అని ఆవిడ వంటింట్లోంచి అడిగితే, "విషయసూచిక చూడు, లోపలి వైపు అతికించాను" అనేవారు.

తర్వాత భోజనాల బల్ల అంచులకి పుస్తకాల వెన్నుకి వేసే క్యాలికో గుడ్డ వేశారు. స్నానాలగది తలుపుకి లోపలి వైపు, పుస్తకాల అట్ట లోపల వేసే అలల రంగుల కాగితం అంటించారు. మూడు స్నానాలయ్యేసరికి అది ఉబ్బిపోయి తలుపు మూసుకోవడం మానేసింది. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆయన గుమ్మం బయట గోడవైపు తిరిగి కాపలా ఉండాల్సి వచ్చింది. ఇంత చేసినా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఇదంతా తన మోకాళ్ళ కోసమే కదా అనుకుంది. ఆయన కూడా కనబడినవాళ్ళందరికీ రోజుకి పాతికసార్లు "మా ఆవిడ మోకాళ్ళు" అని చెబుతూనే ఉన్నారు.

ఇక మిగిలింది ముందుగది. వ్యాసంలో పేజీ చివర ఇలా ఉంది: 'గది అంతటికీ ఒకే రకం కాగితం అంటిస్తే ఇంటి విలువ ఐదోవంతు పెరుగుతుంది. అంటించిన తర్వాత బాగా ఆరేదాకా' – అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ లేదు. దాని వెనక ఏదో సబ్బు తాలూకు బహుమతి కూపను ఉందట, ఎవరో పాఠకురాలు కత్తిరించుకుపోయింది. అసలు అక్కడ ఏం రాశారో రాసినవాళ్ళకే తెలియాలి, ఫ్యాను వేయకండని కాబోలు. బైండరు గారికి మాత్రం అనుమానమే రాలేదు. జిగురు ఆరేదాకా ఏం చేయాలో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బరువు పెట్టాలి. ఎనిమిది గంటలు, కదలకుండా.

పుస్తకమైతే ప్రెస్సులో పెట్టి బిగిస్తాం. గదిని ఏ ప్రెస్సులో పెడతాం? ఆయన ఒక పూటంతా ఆలోచించారు. ఆ తర్వాత బావమరిదికి కబురు పెట్టారు.

వాల్యుయేటరు గురువారం వస్తానన్నాడు. కాబట్టి బుధవారం తెల్లారగానే పని మొదలైంది. ఎదురింటి లెక్కల టీచరమ్మ, రిటైరయి ఏమీ తోచక ఉన్న మనిషి, సాయానికి వచ్చింది. మామూలువాళ్ళు గోడకి కాగితం పట్టీలు పట్టీలుగా అంటిస్తారు. బైండరు గారికి ఆ మాట వింటేనే ఒళ్ళు మండింది. "అతుకు కనబడితే దాన్ని బైండింగు అనరు, పొట్లం అంటారు" అని, కాగితం చుట్టలన్నీ వరండాలో పరిచి, అతుకు కనబడకుండా ఒకదానికొకటి కలిపి, నాలుగు గోడలకీ సరిపోయే ఒకే ఒక్క కాగితం తయారుచేశారు. గుమ్మానికి ఒక కన్నం, కిటికీకి ఒక కన్నం, స్విచ్చిబోర్డుకి ఒక చిన్న కన్నం. పెద్ద గుండిగలో మైదాపిండి జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపారు. నలుగురూ కలిసి, నానా తంటాలూ పడి, పన్నెండు గంటలకల్లా ఆ కాగితాన్ని గది చుట్టూ తొడిగేశారు. లేత నీలం మీద తెల్ల పువ్వులు. నిజం చెప్పుకోవాలంటే చాలా అందంగా ఉంది.

"ఊఁ, బరువు!" అన్నారు బైండరు గారు.

బీరువాని ఒక గోడకి తోశారు. మంచాన్ని నిలబెట్టి రెండో గోడకి ఆనించి, అది జారిపోకుండా ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీల్లో మూడు దానికి ఎదురు పెట్టారు. బల్లని పక్కకి పడేసి మూడో గోడకి నొక్కారు. నాలుగో కుర్చీ, ఇనప ప్రెస్సు కలిపి కిటికీ కింద దట్టించారు. ఇంకా మిగిలిన ఖాళీలకి మనుషులు. బావమరిది ఇద్దరి పెట్టు ఉంటాడు. ఆ ఒంటిని చూసి పాతికేళ్ళుగా దెప్పుతున్న బైండరు గారు ఆరోజు మాత్రం బంగారాన్ని చూసినట్టు చూశారు.

"బావా, వీపు పెట్టనా, పొట్ట పెట్టనా?"

"పొట్టే పెట్టు నాయనా. ఊపిరి మాత్రం మెల్లిగా పీల్చు, ముడతలు పడతాయి."

టీచరమ్మ పూచికపుల్లలా ఉంటుంది. ఆవిడ బరువు చాలదని రెండు నిఘంటువులు చేతికిచ్చి, వాటిని గుండెలకి హత్తుకుని గోడకి ఆనుకోమన్నారు. గుమ్మం పక్క గోడని తనే రెండు చేతులా పట్టారు. కిటికీ పక్క మూల మిగిలింది. కాగితం మొదలూ చివరా కలిసేది అక్కడే. ఆ ఒక్కటీ ఊడితే అంతా ఊడుతుంది.

"ఈ మూల నీకే అప్పగిస్తున్నాను" అన్నారు భార్యతో. "నిన్ను తప్ప ఎవర్నీ నమ్మలేను."

ముప్పై నాలుగేళ్ళలో ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి. ఆవిడ మొహం చేటంతయింది. వెళ్ళి, రెండరచేతులూ చాపి గోడకి ఆన్చి నిలబడింది.

మూడు గంటలు గడిచాయి. బావమరిది నిలబడే ఒక కునుకు తీశాడు. టీచరమ్మ నిఘంటువు అంచు మీదుగా ఎక్కాలు చెప్పుకుంటోంది. అప్పుడు తలుపు చప్పుడైంది. బైండరు గారు చేతులు తీయలేక, కాలి బొటనవేలితో గడియ తీశారు. ఎదురుగా పోస్టుమాస్టరు, ఆయాసంతో రొప్పుతూ. వెనక చేతిలో ఫైలుతో వాల్యుయేటరు.

"రేపు మా ఆఫీసులో తనిఖీ ఉందండీ, అందుకని ఇవాళే వచ్చేశాను" అన్నాడు వాల్యుయేటరు. "ఇవాళ కాదంటే మళ్ళీ వచ్చే నెలే."

వచ్చే నెలకి కింది ఇంట్లో బట్టల మూటలుంటాయి.

"రండి, రండి. గోడ తాకకుండా రండి."

వాల్యుయేటరు లోపలికి వచ్చి చుట్టూ చూశాడు. గోడల వైపు తిరిగి బల్లుల్లా అతుక్కుని ఉన్న జనాన్ని చూసి గొంతు సవరించుకున్నాడు.

"వీళ్ళంతా... ఏం చేస్తున్నారు?"

"ఆరుతున్నామండీ" అన్నాడు బావమరిది, గోడకేసే.

ఎవరైనా అయితే ఆ మాటకి వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయేవారే. కానీ ఆ వాల్యుయేటరు ఇరవై ఏళ్ళుగా ఫారాలు నింపుతున్న మనిషి. ఫారంలో లేని దాన్ని చూసి ఆశ్చర్యపోవడం ఆయన ఎప్పుడో మానేశాడు. 'నివాసితులు' అన్నచోట 'నలుగురు, నిలబడి ఉన్నారు' అని రాసుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి మొదటి సంపుటం తెరిచి, మూసి, రెండోది తెరిచి, గరిటెల సంపుటం మీది బంగారు అక్షరాలు వేలితో తడిమి చూశాడు. తిరిగి ముందుగదిలోకి వచ్చి, కాగితం మీద ముక్కు పెట్టినంత దగ్గరగా వంగి, గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"అతుకు ఎక్కడండీ?"

"లేదండీ."

"ఎక్కడో ఉండాలి కదా?"

"నా చేతిలో ఇంతవరకూ ఉండలేదండీ" అన్నారు బైండరు గారు. గర్వంతో గోడని ఇంకాస్త గట్టిగా నొక్కారు.

వాల్యుయేటరు కరిగిపోయాడు. 'గోడల స్థితి' అన్నచోట బాగున్నవి, మధ్యస్థము, బాగులేవు అని మూడు మాటలుంటే, మొదటి మాట చుట్టూ సున్నా చుట్టాడు. అంతలో గుమ్మానికి అవతలి పక్క కాగితం కొంచెం ఉబ్బింది. "బాబ్బాబు, ఒక్క క్షణం వీపు ఆనిస్తారా?" అన్నారు బైండరు గారు. ఆయన ఆనించాడు. ఇంకోచోట ఉబ్బింది. పోస్టుమాస్టరు కూడా ఆనుకున్నాడు. ముక్కున వేలేసుకుందామన్నా ఆ గదిలో ఒక్కరికీ చెయ్యి ఖాళీ లేదు. వాల్యుయేటరు బావమరిది వీపు మీద ఫైలు పెట్టుకుని లెక్కలు వేయసాగాడు.

"గాలి బాగా వస్తోందండోయ్" అన్నాడు పోస్టుమాస్టరు కిటికీ వైపు చూస్తూ. "అరగంట అయింది, ఒక్కడు కూడా నన్ను ఏమీ అడగలేదు."

"కింది ఇంటితో సమానంగానే వచ్చేటట్టుంది" అన్నాడు వాల్యుయేటరు. "పది నిమిషాలు ఆగండి, కూడి సంతకం పెట్టేస్తాను. నేను చూసినప్పుడు గది ఎలా ఉందో, సంతకం పెట్టేటప్పుడూ అలాగే ఉండాలి. అది రూలు."

బైండరు గారికి కళ్ళు చెమర్చాయి. గెలిచేశామన్న సంతోషంతో, ఆ సంగతి కళ్ళతోనే చెప్పాలని భార్య వైపు తిరిగారు.

మూడున్నర గంటల్లో ఆవిడ వైపు చూడడం అదే మొదలు. ఆవిడ నవ్వుతూనే ఉంది. వాల్యుయేటరు గదిలోకి వచ్చినప్పుడు మొదలుపెట్టిన నవ్వు అది, తీసేయడం మరిచిపోయినట్టుంది. నుదుటి మీంచి చెమట కారి కళ్ళలోకి పోతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. బరువంతా ఒక కాలి మీద వేసి, పదీ లెక్కపెట్టి, రెండో కాలి మీదికి మారుస్తోంది. మళ్ళీ పది. కుడి మోకాలు ఆగకుండా వణుకుతోంది.

"నొప్పిగా ఉందా?" అన్నారు ఆయన.

"అబ్బే, లేదండీ. మీరు గోడ చూసుకోండి."

ఆయన గోడ చూసుకున్నారు. పది నిమిషాలే కదా అనుకున్నారు. ఈ పది నిమిషాలు గడిస్తే, ఇక జన్మలో ఈవిడ మెట్టెక్కక్కర్లేదు. మెట్టు లేని ఇంట్లో ఎన్నేళ్ళు హాయిగా తిరుగుతుందో, ఆ ఏళ్ళ ముందు పది నిమిషాలొక లెక్కా? లెక్క ఎటు నుంచి చూసినా సరిగ్గానే ఉంది. రెండు నిమిషాలు అయ్యాయి. మూడు. ఆవిడ లెక్క పది దాకా వెళ్ళడం లేదు, ఐదుకే కాలు మారుస్తోంది. తర్వాత మూడుకే. పెదవి పంటికింద పెట్టుకుంది. నవ్వు మాత్రం అలాగే ఉంది.

బైండరు గారు గోడ మీంచి చేతులు తీసేశారు. గబగబా గది దాటి వెళ్ళి, కిటికీ కింద ప్రెస్సుని అదిమిపెట్టి ఉన్న కుర్చీని రెండు చేతులా పట్టి లాగారు.

"బావా! కుర్చీ కదిపావు!" అని కేకపెట్టాడు బావమరిది.

ఆయన వినిపించుకోలేదు. భార్య భుజాలు పట్టి మూలలోంచి ఇవతలికి తెచ్చి, ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ముందు ఆ మూల విడిచింది. తర్వాత కిటికీ గోడ. అతుకు ఉండుంటే అక్కడితో ఆగేదే. లేదు కాబట్టి, లేత నీలం కాగితం ఏ తొందరా లేకుండా, ఒక గోడ తర్వాత ఒక గోడగా, మంచం మీదుగా, బీరువా మీదుగా, టీచరమ్మ మీదుగా ఒరిగి, గుమ్మం దాకా వచ్చి, పోస్టుమాస్టరునీ వాల్యుయేటరునీ కలిపి చుట్టేసింది. కాసేపు గదిలో తెల్ల పువ్వులు తప్ప మనుషులెవరూ కనిపించలేదు. "కలం, నా కలం ఎక్కడ?" అన్న గొంతు మాత్రం లోపలి నుంచి వినిపించింది.

వాల్యుయేటరు నెత్తి నిండా జిగురుతో బయటికి వచ్చాడు. ఆయనకి కోపం లేదు. మొదటి మాట చుట్టూ ఉన్న సున్నా కొట్టేసి, మూడో మాట చుట్టూ ఇంకో సున్నా చుట్టి, పక్కన 'తడి' అని రాసి, మళ్ళీ కూడి సంతకం పెట్టాడు. పోస్టుమాస్టరు ఆ అంకె చూశాడు. ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

"ఏమీ అనుకోకండి. బట్టల కొట్టాయనకి మాటిచ్చేస్తాను" అని, చొక్కాకి అంటుకున్న ఒక పువ్వుతో సహా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుని, కింద ఆయన తలుపు మూసుకునేదాకా ఆ అడుగుల చప్పుడు వింది. అప్పుడు నవ్వు తీసేసి, చెమట తుడుచుకుంది.

"ఇంకో ఆరు నిమిషాలు నిలబడేదాన్ని కదండీ" అంది. "గోడ మీంచి చేతులెందుకు తీసేశారు?"

"నువ్వు నిలబడేదానివే" అన్నారాయన. "నేనే చూడలేకపోయాను."

ఆవిడ మోకాళ్ళు రెండు చేతులా పట్టుకుంది.

"ముప్పై నాలుగేళ్ళు కూర్చున్నప్పుడు ఇలా ఒక్కసారి చూసి ఉంటే, ఇవాళ నిలబడే పనే ఉండేది కాదు."

గొంతు పెంచి అనలేదు, ఉప్పు ఎక్కడుందని అడిగినట్టే అంది. ఆవిడ పాదాల మీద, మోకాళ్ళ దాకా, జిగురు చారలు చారలుగా కారి ఉంది. కాగితం కింద బావమరిది, టీచరమ్మ ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటున్నారు. వాళ్ళని అలాగే వదిలేసి, బైండరు గారు వంటింట్లోకి వెళ్ళి గోరువెచ్చటి నీళ్ళూ గుడ్డా తెచ్చుకున్నారు. ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద, కాళ్ళు మడుచుకుని కూర్చుని, తుడవడం మొదలుపెట్టారు. ఆరిపోతే అది ఇక రాదని ఆయనకి తెలుసు.